ఎవరో పాతిన కుండ

డార్లింగ్ నది మీద పొగమంచు ఇంకా విడలేదు. మరిది కెన్ నీలగిరి చెట్టు దగ్గర గుంత తవ్వి, అందులో కట్టెలు రాజేసి, గాలం భుజాన వేసుకున్నాడు.

"వదినా, ఇనప కుండ పాతేటప్పుడు నువ్వు కూడా లోపల పడకు."

"ముందు నీ నోరు పాతిపెడతా చూడు."

వాడి పెళ్లాం, నా చెల్లెలు ఐవీ మాత్రం నవ్వలేదు. "అక్కా, మాంసం వేసి, మూత పెట్టి, పైన నిప్పులు, ఆ పైన మట్టి. గుర్తుంటుందిగా?"

"నీకు నేర్పిందే నేను. పోవే."

దాని భయం దానిది. ఇంట్లో గ్యాసు పొయ్యి ఆర్పడం మళ్లీ మర్చిపోయానని నా కూతురు గ్లెండా నన్ను వృద్ధాశ్రమంలో చేర్చాలని చూస్తోంది. "ఈ ఒక్కసారి వెళ్లిరా అమ్మా. పిన్ని వచ్చి ఏం చెబితే అదే ఖాయం," అంది. అందుకే ఆ రోజు వంట నాకు వంట కాదు, పరీక్ష.

వాళ్లు నది మలుపు దాటాక గొర్రె మాంసం కోశాను. బంగాళాదుంపలు, గుమ్మడికాయ ముక్కలు వేశాను. ఉల్లిపాయలు ఇంట్లోనే వదిలేసి వచ్చానని అప్పుడే తెలిసింది. నిప్పుల సెగకి మొహం మండటం, మట్టి కప్పి పార వెనక్కి తిప్పి తట్టడం, అన్నీ బాగా గుర్తున్నాయి. తర్వాత కుర్చీలో కునుకు పట్టింది.

మధ్యాహ్నం వాళ్లు ఆకలితో తిరిగొచ్చారు. పార తీసుకుని వెళ్లాను. నేను అనుకున్న చోట కాక, పడిపోయిన మాను అవతల ఉంది మట్టి దిబ్బ. అరచెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. తవ్వితే ఇనుము తగిలింది.

మూత తీయగానే వచ్చిన వాసనకి కెన్ కళ్లు మూసుకున్నాడు. మాంసం ఎముకని వదిలేసి మెత్తగా జారుతోంది. అడుగున ఉల్లిపాయలు తేనె రంగులో కరిగి ఉన్నాయి.

"ఉల్లిపాయలు తెచ్చావా? పొద్దున సంచిలో చూస్తే లేవే," అంది ఐవీ.

"అడుగున దొరికాయిలే," అన్నాను. అబద్ధం నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో!

కెన్ మారు వడ్డించుకున్నాడు. "ఆశ్రమంలో పెట్టాల్సింది వదినని కాదు, నీ వంటని," అన్నాడు పెళ్లాంతో. ఐవీ వాణ్ని గరిటెతో కొట్టి, నా చెయ్యి పట్టుకుంది. "గ్లెండాకి చెప్తాను. మా అక్కకేం కాలేదని చెప్తాను." దాని కళ్లలో నీళ్లు.

టీ డబ్బా కోసం వ్యాను దగ్గరికి వెళ్లాను. గోనెపట్టా తొలగించాను.

నా కుండ అక్కడే ఉంది. లోపల పచ్చి మాంసం. మూత అంచున చీమల బారు.

మాను ఇవతలికి వచ్చి చూశాను. కెన్ తవ్విన గుంత నోరు తెరుచుకునే ఉంది. బూడిద చల్లబడిపోయింది. నాకు గుర్తున్న సెగ ఈ రోజుది కాదు. ఏ ఏడాదిదో.

మా నాన్న గొర్రెల మందలు తోలేవాడు. పొద్దున కుండ పాతి మంద వెంట పోతే, సాయంత్రం దాకా దాని దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. ఆకలితో ప్రాణం పోతున్నా మరొకరు పాతిన కుండ తవ్వకూడదు. మా వాళ్లలో అంతకు మించిన దొంగతనం లేదు.

చెప్పాలి. చెబితే ఆశ్రమం. పచ్చి మాంసం నదిలో పారేశాను.

"ఏంటి వదినా చప్పుడు?"

"చేప ఎగిరింది."

మేం తిన్న ఖాళీ కుండని మాను అవతల దాని గుంతలోనే పెట్టి మట్టి కప్పాను. పళ్లాలు కడుగుతుంటే మూడూ ఖాళీగా ఉన్నాయి. నేను తిన్నానా? నా భాగం కెన్‌కి వేశానా? ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

పొద్దు వాలింది. కాకాటువా పిట్టల గోల ఒక్కసారిగా ఆగిపోయింది. మాను అవతల...

టక్.

కర్రతో నేల తడుతున్నట్టు. కొంచెం ఆగి, మరికొంచెం ఇవతల... టక్. టక్. ఇనుము ఎక్కడుందో వెతుక్కుంటున్నట్టు.

"అక్కా... ఎవరది?" ఐవీ గుసగుసలాడింది.

"కంగారూ అయ్యుంటుంది."

ఠంగ్.

మట్టి తోడుతున్న చప్పుడు. మూత జరిగింది. ఆ తర్వాత ఏమీ లేదు. ఊపిరి కూడా వినపడలేదు. చాలాసేపటికి... గోళ్లతో కుండ అడుగు గీకుతున్న చప్పుడు. ఆపకుండా... ఓపికగా...

"అక్కా, నువ్వేమైనా చేశావా?"

"నేనేం చేశానే?" అన్నాను.

తెల్లారేసరికి గుంతలో కుండ లేదు. చుట్టూ ఒక్క అడుగు జాడ లేదు. కెన్ మాత్రం రొట్టె మొత్తం తినేసి, డబ్బాల్లో చేపలు ఖాళీ చేసి, వేళ్లు నాకుతూ కూర్చున్నాడు.

"ఇంకా ఏమైనా ఉందా వదినా? ఆకలి తీరట్లేదు." నవ్వుతూనే అన్నాడు. ఐవీ కూడా నవ్వింది.

ఇప్పుడు ఐవీ నవ్వడం లేదు. కెన్ చిక్కిపోతుంటే వాడి బెల్టుకి కొత్త చిల్లులు పొడుస్తోందట. డాక్టర్లకి ఏమీ దొరకలేదట. రోజూ ఫోన్ చేసి ఏడుస్తుంది. "ఎంత పెట్టినా చాలట్లేదక్కా. ఆ రోజు నువ్వు వండినట్టు వండమంటున్నాడు." రోజూ చెప్పేద్దామనుకుంటాను. రోజూ ఇంకాస్త పెట్టి చూడవే అని ఫోన్ పెట్టేస్తాను.

గ్లెండా ఆశ్రమం మాట ఎత్తడం మానేసింది. వాళ్ల పిన్ని అంత గట్టిగా చెప్పింది మరి.

ఈ పొద్దున వంటింట్లో మళ్లీ తింటుంటే గ్లెండా నన్ను పట్టుకుంది. "అమ్మా, ఇప్పుడేగా గుడ్లు తిన్నావు! మర్చిపోయావా?"

"మర్చిపోయానే," అన్నాను తలదించుకుని.

మర్చిపోలేదు. ఆకలి తీరలేదు.

గ్లెండా నిట్టూర్చి, చల్లగాలి వస్తోందని వెనక తలుపు మూయబోయి, గడపలోనే ఆగిపోయింది.

"అమ్మా... పెరడంతా ఇన్ని గుంతలు ఎవరు తవ్వారు?"