దుమ్ము లేపని ట్యాంకు

మా పోచన్ కొండల కింద మిరపకాయలు ఎర్రగా ఎండిన ఏడు ఒక్కటీ లేదు. పక్కనే ట్యాంకులు తిరిగే సైనిక మైదానం. చాప పరిచిన గంటకే కాయలు బూడిదలో పొర్లినట్టు అయ్యేవి. పక్కింటి ముసలాయన నవ్వబోతే దగ్గే వచ్చేది.

అందుకే గాలిలో సన్నదుమ్ము కొలిచే ఉద్యోగం చేసే నా మనవరాలు యూరిమ్, తన యంత్రాన్ని తెచ్చి ట్యాంకుల దారి పక్కన నిలబెట్టింది. దుమ్ము హద్దు దాటిందని తేలితే సైన్యం ఏదో ఒక దారి చూడాల్సిందే.

వారమంతా కొలిచింది. గాలి కడిగిన ముత్యంలా ఉందంటుంది ఆ యంత్రం.

"పాడు యంత్రం, అమ్మమ్మా."

"యంత్రం కాదే మొద్దూ. ముందు ట్యాంకులోంచి తల బయటపెట్టి నిలబడే సార్జెంటు లేడూ, నిన్ను చూడగానే నత్తలా పోనిస్తాడు. వెనకవన్నీ వాడి నడకే. నువ్వు సర్దుకుని వెళ్ళాక చూడు, దయ్యం పట్టినట్టు ఉరుకుతాయి."

యూరిమ్ తిన్నగా సైనికులు తినే నూడుల్స్ కొట్టుకు నడిచింది. నేనూ ఉల్లికాడలు కొనే వంకతో వెంటే వెళ్ళాను. ఆ సార్జెంటు గ్యూచాన్ గిన్నెలో తల పెట్టి తింటున్నాడు.

"సార్జెంట్ గారూ, నా దగ్గరికొచ్చేసరికి మెల్లగా పోతారెందుకు?"

"మీ జుట్టు పాడవుతుందని."

"జుట్టుకు పట్టిన దుమ్ము తలంటుకుంటే పోతుంది. మా అమ్మమ్మ మిరపకాయలు కడిగితే కుళ్ళిపోతాయి. రోజూ నడిపినట్టే నడపండి, నేను అక్కడ లేనట్టు."

"అది నా వల్ల కాదండీ."

మా పిల్ల బుగ్గల ఎరుపు నా కాయలకు వచ్చి ఉంటే సంతలో నాకు ఎదురుండేది కాదు.

"కొలతకు రేపే ఆఖరి రోజు," అంది నేల చూస్తూ. "నేనంటే ఇష్టముంటే నా మీద దుమ్ము పొయ్యండి."

పోశాడు. ట్యాంకులు ఉరుముకుంటూ పోయాక చూస్తే, సోయాపొడిలో దొర్లించిన బియ్యప్పిండి ముద్దలా నిలబడి ఉంది యూరిమ్. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి, అవీ నవ్వుతున్నాయి. యంత్రంలో అంకె హద్దు దాటేసింది.

నత్తనడక రోజుల లెక్కా, ఆనాటి లెక్కా పక్కపక్కన పెట్టి పై అధికారులకు చూపించింది. వాళ్ళకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది: ఊరి పక్కన ప్రతి ట్యాంకూ మెల్లగానే పోవాలని ఉత్తర్వు వచ్చింది.

ఆ ఆదివారం గ్యూచాన్ బేరిపళ్ళ పెట్టెతో వచ్చి నాకు వంగి దండం పెట్టాడు.

"మా పిల్లను మట్టిబొమ్మను చేసి, ఏ మొహం పెట్టుకుని వచ్చావయ్యా?"

"ఆవిడే పొయ్యమన్నారు, అమ్మమ్మగారూ."

"పెళ్ళయ్యాక కూడా ఆవిడ మాటేనా?"

"మెల్లగా అంటే మెల్లగా, జోరుగా అంటే జోరుగా."

అయితే సరే అని చాప మీద కాయలు తిరగెయ్యమన్నాను. ఎర్రగా, గలగలమంటూ ఎండిన కాయలు. తుమ్ముతూనే తిరగేస్తున్నాడు. యూరిమ్ పక్కన చతికిలబడి, "మెల్లగా, సార్జెంట్ గారూ," అంటోంది. "దుమ్ము లేస్తుంది."