పట్టాలు ఖాళీగా ఉంటే

పడవల కోసం తెరుచుకుని, రైళ్ళ కోసం మూసుకునే వంతెన. దాని కంట్రోల్ రూమ్ ఆపరేటర్‌ని పట్టపగలే కాల్చి చంపారు. విదేశీ ముఠా పని. పోతూ పోతూ వంతెనను నడిపే కంప్యూటర్ స్క్రిప్టులో ఒక లైను మార్చి పోయారు.

లిఫ్ట్ మెకానిక్ వేషంలో లోపలికి చొరబడ్డ ఏజెంట్ ముంగిస చెవిలో చీఫ్ గొంతు మోగింది. "నీకు కోడింగ్‌లో ఓనమాలు కూడా రావు. దేన్నీ ముట్టుకోకు. నిపుణులు బయల్దేరారు. వెనక్కి వచ్చెయ్. ఇది ఆర్డర్."

"వాళ్ళకంటే ముందు రైలొస్తుంది సార్. ఆపుదామంటే ఇంజన్‌లో వైర్‌లెస్ పనిచెయ్యట్లేదు. నేను కదలను."

మరో గొంతు అడ్డొచ్చింది. ఏజెన్సీ ప్రోగ్రామర్, ముంగిసకి సొంత అక్క. "ఒరేయ్, ఆ రైలు నడిపేది మీ బావరా! నాకు కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. నీ గుండీ కెమెరా స్క్రీన్ వైపు తిప్పు."

తిప్పాడు.

వంతెన = "మూసి" ఇఫ్ పట్టాలు_ఖాళీ ఎల్స్ "తెరిచి"

"మొదటి మాటే 'మూసి'. అంతా క్షేమం, పద," అంది పక్కనున్న నెమలి. పట్టుచీర, తలమీదికి నెట్టిన నల్లకళ్ళద్దాలు, మత్తెక్కించే సెంటు. ముఠాలో ఉంటూ మన ఏజెన్సీకి పనిచేస్తున్న మనిషి. అలా అని ఏజెన్సీ నమ్మకం.

"ఎడమ నుంచి చదివితే కొంప మునుగుతుంది!" అక్క అరిచింది. "ముందు 'ఇఫ్' పక్కన చూడు. అది ప్రశ్న. అవునంటే ఎడమవైపు మాట. కాదంటే 'ఎల్స్' తర్వాతది."

"నా బుర్రకెక్కేలా చెప్పక్కా."

"గొడుగు వేసుకో, వానొస్తే, లేకపోతే టోపీ పెట్టుకో. ముందు గొడుగన్నాను కదాని ఎండలో వేసుకు తిరుగుతావా, మొద్దూ?"

రైలొస్తే పట్టాలు ఖాళీగా ఉండవు. అంటే... 'తెరిచి'! ముంగిసకి వెలిగింది. రైలు దగ్గరపడగానే వంతెన నోరు తెరుస్తుంది. బావ ఏట్లోకే!

"అక్కా, ఇప్పుడేం చెయ్యాలి?"

చెవిలో లైను బరబరమంటూ తెగిపోయింది. నెమలి హ్యాండ్‌బ్యాగ్‌లో సిగ్నళ్ళని అడ్డుకునే జామర్ గుయ్యిమంటోంది. చేతిలో పిస్టల్.

"కీబోర్డు మీంచి చెయ్యి తియ్యి. రాని విద్య నీకెందుకు?"

"రాకపోతే నేర్చుకుంటా! నువ్వెవరివి వద్దనడానికి?"

నడుముకున్న టార్చ్ మీట నొక్కాడు. గదంతా తెల్లటి మెరుపు. గురి తప్పిన తూటా గోడలో దిగింది. కళ్ళు బైర్లు కమ్మిన నెమలి తేరుకునేలోగా ఆమె చేతులకి బేడీలు పడ్డాయి.

దూరంగా రైలు కూత. కింద వంతెన అప్పుడే కదలడం మొదలుపెట్టింది. ముంగిస కీబోర్డు ముందుకి దూకాడు. తప్పు చేస్తే అక్కకి మొహం చూపించలేడు. అయినా వెనక్కి తగ్గలేదు. 'మూసి' ఉన్నచోట 'తెరిచి', 'తెరిచి' ఉన్నచోట 'మూసి' కొట్టాడు. సేవ్ చేసి స్క్రిప్టు మళ్ళీ నడిపాడు.

వంతెన ఆగింది. వెనక్కి వచ్చి అతుక్కుంది. మరుక్షణమే రైలు ధడధడలాడుతూ దాని మీదుగా వెళ్ళిపోయింది. ముంగిస నేలమీద కూలబడి పిచ్చివాడిలా నవ్వాడు.

సాయంత్రం చీఫ్ ముఖం చిటపటలాడుతోంది. "ఆర్డర్ ధిక్కరించావు. క్షమాపణ చెప్తే మెడల్. లేకపోతే సస్పెన్షన్."

"సంతకం ఎక్కడ పెట్టాలి సార్," అన్నాడు ముంగిస పెన్ను తీస్తూ, "సస్పెన్షన్ కాగితం మీద?"