ఇరవై మూడు పోట్ల కేకు

"కేకు మీద పేరేటి రాయమంటారండీ?"

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గర పరంజ్యోతి బేకరీ. కౌంటర్‌లో ఉన్న అమ్మాయి ఆర్డర్ల పుస్తకం తెరిచి అడిగింది.

"సీజర్," అన్నాడు వెంకటసాయి.

"కుక్కకాండీ?"

"కుక్కకేటండీ! మనిషికే."

"సారీ అండీ. మా వీధిలో ముగ్గురు సీజర్లున్నారు, ముగ్గురూ మొరుగుతారు. హ్యాపీ బర్త్‌డే సీజర్ అని రాసీమంటారా?"

"బర్త్‌డే కాదండీ. పోయిన రోజు."

పెన్ను ఆగిపోయింది. "అయ్యో! ఎప్పుడు పోయారండీ?"

"రెండు వేల అరవై ఏళ్లయిందండీ."

ఆ అమ్మాయి ఎడమ కనుబొమ్మ మెల్లగా పైకి లేచింది. అతని మొహం వైపు ఒకసారి, గోడమీది క్యాలెండర్ వైపు ఒకసారి చూసింది. 2017, మార్చి నెల.

"అయితే పదిహేనో తారీఖుకి కావాల. ప్లాస్టిక్ కత్తి ఒకటి సరిపోద్దాండీ, ఇరవై మూడు పెట్టమంటారా?"

వెంకటసాయి కౌంటర్ మీదికి వంగాడు. సీజర్‌కి పడిన పోట్లు సరిగ్గా ఇరవై మూడు. ఈ సంగతి తెలిసిన మనిషిని అతను ఫోన్‌లో తప్ప బయటెక్కడా చూడలేదు.

అతనిది రాజాం. తండ్రి భీమశంకరరావుకి అక్కడ రైస్ మిల్లుంది. పగలంతా ధాన్యం బస్తాల మధ్య తిరిగే వెంకటసాయి, చేతికి ఫోన్ అందితే చాలు రోమ్ నగరానికి వెళ్లిపోయేవాడు. జియో సిమ్ వచ్చిన కొత్తలో ఏదో వీడియో చూసి, సీజర్‌ని చంపిన కుట్రదారుల మీద పిచ్చి పెంచుకున్నాడు. ఫేస్‌బుక్‌లో 'కుట్రదారుల అభిమాన సంఘం' అని పేజీ పెట్టాడు. వాళ్లలో ఒకడైన బ్రూటస్ పాలరాతి బొమ్మకి నల్లకళ్లద్దాలు తగిలించి, సినిమా హీరోల ఫ్లెక్సీల పద్ధతిలో, 'మొదటి పోటు మా బ్రూటన్నదే! ఇట్లు, బ్రూటన్న యువసేన, రాజాం' అని పోస్టర్లు వదిలేవాడు. ఇంకో కుట్రదారుడు కాసియస్ ఫ్యాన్స్ వచ్చి తిట్టిపోసేవారు. ఆ తిట్ల కోసమే జనం చేరి చేరి నాలుగు వేలమందయ్యారు. ఈ మార్చి పదిహేనున కళింగపట్నం బీచ్‌లో అందరూ మొదటిసారి కలుసుకోబోతున్నారు. కేకు అందుకే.

"మీకెలా తెలుసండీ?" అన్నాడు వెంకటసాయి.

"ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎం.ఏ. హిస్టరీ చేశానండీ. ఇప్పుడు మా నాన్నతో కలిసి బన్నులు కాలుస్తన్నాను."

"అయితే ఒక కత్తి మీద బ్రూటస్ అని రాయండి. మొదటి పోటు ఆయనదే కదా."

"మొదటి పోటు కాస్కాది."

"బ్రూటస్‌దేనండీ. నాలుగు వేలమంది లైక్ కొట్టారు."

"నాలుగు వేలమందీ తప్పే."

వెనక ఎగ్ పఫ్ కోసం నిలబడ్డ పెద్దాయనకి ఓపిక అయిపోయింది. "ఎవుడు పొడిస్తే ఏటమ్మా! పోయినోడు పోయాడు. బేగి నా పఫ్ ఇచ్చీ, సల్లారిపోతాది."

వెంకటసాయి రసీదు లాక్కుని బయటపడ్డాడు. బస్టాండ్‌కి వెళ్లేలోపే ఫోన్‌లో వెతికి చూశాడు. మొదటి పోటు కాస్కా అనే ఇంకో కుట్రదారుడిదే.

వెంటనే ఒకరికి మెసేజ్ పెట్టాడు. పేజీలో 'ట్రెబోనియస్ తాలూకా' అనే పేరుతో ఒకాయన ఉండేవారు. ట్రెబోనియస్ అంటే కత్తి పట్టని కుట్రదారుడు. సీజర్ స్నేహితుడు ఆంటోనీని సభ లోపలికి రానీకుండా బయటే మాటల్లో పెట్టి నిలబెట్టినవాడు. ఈ తాలూకా గారు ఎవరినీ తిట్టరు. తప్పు కంటపడితే మర్యాదగా, అచ్చుతప్పు లేని తెలుగులో దిద్దుతారు. ఎవరో రిటైరైన హెడ్మాస్టర్ అయ్యుంటారని వెంకటసాయి నమ్మకం. ఆరు నెలలుగా 'మాస్టారూ' అని పిలుస్తున్నాడు.

"మాస్టారూ, బేకరీలో ఒకమ్మాయి నా పరువు తీసేసిందండీ."

మెసేజ్ వెళ్లిన మరుక్షణం పరంజ్యోతి బేకరీలో ఒక ఫోన్ గుర్రుమంది. కౌంటర్‌లోని ఆ అమ్మాయి, రూబీ, పిండి చేతులు తుడుచుకుని చదివింది. పక్కున నవ్వింది. ఆ మాస్టారు ఆవిడే.

"ఏ బేకరీ బాబూ?" అని ఏమీ ఎరగనట్టు అడిగింది.

అలా మొదలైంది. మూడు రోజుల తర్వాత అతను మళ్లీ రాశాడు. "ఈరోజు కూడా శ్రీకాకుళం వెళ్లానండీ. కేకు సైజు మార్చమన్నాను. మార్చాల్సిన పని లేదు."

ఇంకో రెండు రోజులకి, "క్రీమ్ రంగు మార్చమని వెళ్లాను మాస్టారూ."

"ఆ పిల్లకి గర్వం ఎక్కువలా ఉంది. వదిలెయ్ బాబూ," అని రాసింది రూబీ.

"గర్వం కాదండీ, తెలివి. తప్పు పట్టేటప్పుడు ఎడమ కనుబొమ్మ పైకి లేస్తుంది. అది చూడ్డానికే కావాలని తప్పులు మాట్లాడుతున్నాను. నిన్న కాసియస్‌ది బొబ్బిలి అన్నాను."

రూబీ స్టీలు ట్రే ఎత్తి అందులో తన కనుబొమ్మ చూసుకుంది. ఒకసారి ఎత్తి చూసింది. ఇంకోసారి.

"ఏటే రూబీ, ట్రేతో ఆటలేటి? బన్నులు మాడిపోతన్నాయి సూడు!" అని లోపలి నుంచి తండ్రి ఎలీషా కేకేశాడు.

చెప్పెయ్యాలని రోజూ అనుకునేది. కానీ చెప్పేస్తే మళ్లీ ఇలా రాయడేమో. ఆ భయంతో రోజూ రేపటికి వాయిదా వేసేది.

పదిహేనో తారీఖు వచ్చింది. వెంకటసాయి హడావుడిగా బస్సెక్కేస్తూ, మిల్లు ఆఫీసులో ఛార్జింగ్‌కి పెట్టిన ఫోన్ మరిచిపోయాడు. మధ్యాహ్నం అది వరసగా మోగుతుంటే, భీమశంకరరావు కళ్లద్దాలు సర్దుకుని చూశాడు. కళింగపట్నంలో పడవ మోటార్లు బాగుచేసే గంగులు పంపిన మెసేజ్‌లవి.

'బావా, కత్తులు ఇరవై మూడూ తెస్తన్నావా?'

'సాయంత్రం అయిదింటికి బీచ్‌లో సీజర్‌ని ఏసీడమే.'

'మొదటి పోటు నాది. రగతం బాగా కారాల.'

భీమశంకరరావు ఫోన్ పడేసి డ్రైవర్ దగ్గరికి పరిగెత్తాడు. "ఒరే సూరయ్యా! బండి తియ్యరా! బేగి!"

కళింగపట్నం బీచ్‌లో గాలి జోరుగా వీస్తోంది. నాలుగు వేలమందిలో వచ్చింది పదకొండుమంది. అందరూ దుప్పట్లు రోమన్ల పద్ధతిలో చుట్టుకున్నారు. గాలికి ఎగిరిపోకుండా గంగులు తన దుప్పటికి పడవ తాడు కట్టుకున్నాడు. చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు పని మానేసి చూస్తున్నారు.

స్కూటీ వచ్చి ఆగింది. రూబీ కేకు పెట్టె పట్టుకుని దిగింది.

"మీరే తెచ్చారేటండీ!" వెంకటసాయి ఎదురు పరిగెత్తాడు. "కాసేపు ఉండండి. మా మాస్టారు రావాలి, ఆయనొచ్చాకే కోద్దాం."

"వచ్చీసారు."

"ఎక్కడ?"

రూబీ తన ఫోన్ తీసి అతని చేతిలో పెట్టింది. అందులో అతని మెసేజ్‌లే. అన్నీ. వెంకటసాయి పైనుంచి కిందదాకా చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"కనుబొమ్మ సంగతి కూడా..."

"సదివాను."

"నవ్వుకున్నారా?"

"మొదటిరోజు నవ్వాను. రెండోసారీ నవ్వాను. తరవాత ఒకరోజు మీరేటీ రాయలేదు. ఆరోజు బన్నులు నిజంగా మాడ్చీసాను." ఆమె ఫోన్ వెనక్కి తీసుకుంది. "ముందే సెప్పాల్సింది. తప్పు నాదే."

"ఇన్నాళ్లూ నన్ను ఎర్రోడ్ని చేశారండీ!"

అతను గిరుక్కున తిరిగి నీళ్ల వైపు నడిచాడు. పదడుగులు వేశాడో లేదో, ఎప్పుడు కమ్ముకుందో తెలియని మబ్బు ఒక్కసారిగా దిగిపోయింది. లావుపాటి చినుకులు టపటపా పడ్డాయి.

"కేకు! ఒరే, సీజర్ తడిసిపోతన్నాడ్రా!" గంగులు అరిచాడు.

వెంకటసాయి వెనక్కి పరిగెత్తాడు. రూబీ పెట్టెకి ఒకవైపు, అతను ఇంకోవైపు పట్టుకుని గంగులు పడవ మీద కట్టిన టార్పాలిన్ కిందికి దూరారు. ఇద్దరి జుట్టూ కారుతోంది. పెట్టె మాత్రం ఎవరూ వదల్లేదు.

అతను దుప్పటి అంచుతో మొహం తుడుచుకున్నాడు. "మాస్టారూ, ఒక డౌటు. ఒక కుర్రాడికి బాగా కోపం వచ్చింది. కానీ ఎల్లిపోబుద్ధి అవట్లేదు. ఏటి సెయ్యాల?"

రూబీ తల ఎత్తలేదు. "ఉండిపో బాబూ," అంది చిన్నగా.

వాన వచ్చినంత తొందరగానే ఆగిపోయింది. ఇసుకలో బల్ల వేసి కేకు పెట్టారు. క్రీమ్‌తో చేసిన సీజర్ మొహం, నెత్తిన పిస్తా ఆకుల కిరీటం, లోపల చెర్రీ జామ్. మనిషికి రెండేసి కత్తులు తీసుకున్నారు. మిగిలిన ఒక్కటీ రూబీకిచ్చారు.

"సీజర్ సావాల!" అంటూ గంగులు కత్తులెత్తాడు.

"ఆగండ్రా! ఎవుడ్నీ సంపకండ్రా!"

మిల్లు వ్యాన్ ఇసుకలోకి దూసుకొచ్చి ఆగింది. భీమశంకరరావు పంచె ఎగ్గట్టుకుని, ఒక కాలికే చెప్పుతో పరిగెత్తుకొచ్చాడు. బల్ల దగ్గర ఠక్కున ఆగి, కేకు వంక చూశాడు.

"ఈడేనేటి సీజరు?"

"ఈడే నాన్నా," అన్నాడు వెంకటసాయి బిక్కమొహంతో.

పెద్దాయన పడవ అంచున కూలబడిపోయాడు. కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నా కొడుకు జైలుకెల్లిపోతాడనుకున్నాన్రా. దారి పొడుగునా శ్రీకూర్మం సామికి దండాలెట్టుకుంటా వచ్చాను."

నవ్వబోయిన వాళ్లు కూడా నవ్వలేదు. రూబీ ఆయనకి మంచినీళ్లిచ్చింది. పక్కనే ఇసుకలో కూర్చుని, సీజర్ ఎవరో, ఆ స్నేహితులు ఎందుకు తిరగబడ్డారో, ఆ రోజు ఎవరెక్కడ నిలబడ్డారో మొదటినుంచీ చెప్పింది. ఆమె చెబుతుంటే ఆయన ముందుకి వంగాడు. కేకు ముక్క చేతిలో పట్టుకుని, తినడం మరిచిపోయి విన్నాడు.

"మరి పొడిసినోల్లు ఏటయ్యారమ్మా?"

"మూడేళ్లలో దాదాపు అందరూ పోయారండీ. సంపడానికి ప్లాన్ ఉంది కానీ, మరుసటి రోజు ఏటి సెయ్యాలో ఎవరూ అనుకోలేదు."

భీమశంకరరావు ముక్క తిన్నాడు. కొడుకు వైపు చూశాడు. ఆ అమ్మాయి వైపు చూశాడు.

"మరి మీ ఇద్దరూ అనుకున్నారా?"

"ఏటి నాన్నా?"

"మరుసటి రోజు సంగతి. గోనెసంచులకని శ్రీకాకుళం ఎల్లి, మూడుసార్లు వట్టి సేతుల్తో వచ్చావు. ఇప్పుడు తెలిసింది."

ఇద్దరూ తలొంచుకున్నారు. గంగులు అటు తిరిగి దుప్పటి ముడి సవరించుకున్నాడు.

"మీరు చర్చికెల్తారా అమ్మా?"

"ఎల్తామండీ. బాప్టిస్టు చర్చి."

భీమశంకరరావు మిగిలిన మంచినీళ్లతో చేతులు కడుక్కున్నాడు. వెంకటసాయి తండ్రి ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నాన్నా, నాకు ఈ అమ్మాయంటే ఇష్టం," అన్నాడు. "నువ్వు తిట్టినా సరే. దాచను."

"తిట్టడానికి ఆలోసించుకోవాల కదరా. నాకిప్పుడే కదా తెలిసింది." ఆయన లేచి పంచె దులుపుకున్నాడు. "ఒప్పుకుంటానో నేదో ఇంకా నాకే తెలీదు. కానీ సాటుగా ఏటీ సెయ్యకండి. రేపు పొద్దున్న మీ నాన్నతో నానే మాటాడతాను తల్లీ."

మర్నాడు పదింటికి ఆయన బేకరీకి వచ్చాడు. ఎలీషా ఆయన్ని లోపలి గదిలోకి తీసుకెళ్లాడు. రెండుసార్లు టీ వెళ్లింది. ఒకసారి గొంతులు పెద్దవయ్యాయి. 

బయట స్కూటీ దగ్గర ఇద్దరూ నిలబడ్డారు. ఆటోల హారన్లు చెవులు చిల్లులు పొడుస్తున్నాయి.

"ఒప్పుకోకపోతే?" అంది రూబీ.

"రేపు మళ్లీ అడుగుతాను. ఎల్లుండి మళ్లీ."

పదకొండున్నరకి తండ్రులిద్దరూ మెట్ల మీదికి వచ్చారు. ఎలీషా కళ్లు తడిగా ఉన్నాయి.

"మా పిల్ల ప్రార్థన మానదని సెప్పాను," అన్నాడు ఆయన. "మా ఇంట్లో దీపం ఆరదని ఈయన సెప్పారు. ఎవురిది వాల్లు సేసుకుంటే తప్పేటని ఇద్దరం గంట దెబ్బలాడుకున్నాం. ఆఖరికి, తప్పేటీ లేదని తేలింది."

"డిసెంబర్లో రిజిస్టర్ ఆఫీసులో పెళ్లి," అన్నాడు భీమశంకరరావు. "ఒరే, అలా నోరెళ్లబెడతావేటి? ఆయనకి దండమెట్టు."

వెంకటసాయి వంగి దండం పెట్టి, ఒక్క గంతులో రూబీ దగ్గరికి వచ్చాడు. ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

"ఇంతమందీ ఇన్ని మాటాడుకున్నారు," అంది. "నాను నీకు ఒక్క మాట ఇంకా సెప్పనే లేదు."

"ఏటది?"

ఆమె ఏదో అంది. సరిగ్గా అప్పుడే పాలకొండ బస్సు హారన్ కొట్టింది.

"వినపడలేదు!" అరిచాడు అతను.

"నువ్వంటే నాకు ఇష్టం అంటన్నాను!" రూబీ గొంతెత్తి అరిచింది.

అప్పటికి బస్సు హారన్ ఆగిపోయింది. ఏడురోడ్ల జంక్షన్ మొత్తానికి వినపడింది. ట్రాఫిక్ కానిస్టేబుల్ చెయ్యి గాల్లోనే ఆగింది, ఆటోవాళ్లు తలలు బయటపెట్టారు, మెట్ల మీద తండ్రులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వెంకటసాయి మాత్రం ఆమె రెండు చేతులూ పట్టుకుని, "ఇప్పుడు వినపడింది," అన్నాడు.