నల్ల కారు, కుంకుమ మెరుపు

"నల్లగానే ఉండల్ల. కానీ నల్లగా కనపడకూడదు."

చంద్రమోహన్ చేతిలోని స్ప్రే గన్ పక్కన పెట్టి, ఆ మాట అన్న అమ్మాయినీ ఆమె వెనక ఆగి ఉన్న పాత నల్ల అంబాసిడర్‌నూ మార్చి మార్చి చూశాడు. హిందూపురంలో అతను పెయింటింగ్ షెడ్డు పెట్టినప్పటినుంచీ వింత బేరాలు చాలానే వచ్చాయి. లారీ మూతికి నెమలి వేయమన్నవాడున్నాడు, స్కూటరుకు ఆటో రంగు కొట్టమన్నవాడున్నాడు. ఇట్లాంటిది మాత్రం వినలేదు. పైగా ఆడపిల్ల, ఒంటరిగా, తనే తోలుకుని వచ్చింది.

"అంటే ఎట్ల మేడమ్?"

"పోలీసు చూస్తే నలుపు. పెళ్ళోళ్ళు చూస్తే ఎరుపు."

ఇంకేం కావాలి! దొంగ బండేనని అతని మనసు అప్పుడే తీర్పు చెప్పేసింది. ఊరికే చూస్తున్నట్టు కారు చుట్టూ తిరిగి, నంబరు ప్లేటు దగ్గర వంగి, దాని స్క్రూలు కొత్తవా పాతవా అని పరీక్షగా చూశాడు.

"ఏమప్పా, దొంగ బండి అనుకుంటాండావా?"

"అయ్యో, నేనట్ల అన్నానా?"

"నోటితో అనలేదు. వంగి అన్నావు."

ఆమె ఆర్‌సీ తీసి బానెట్ మీద పెట్టింది. ఓనరు మద్దిలేటి, ధర్మవరం. ఆయన కూతురే ఈ మంజుల. మద్దిలేటి ఏళ్ళ తరబడి ఊళ్ళోవాళ్ళ బండ్లు తోలి, ఈ 2004లో ఎట్లాగో సొంత కారు కొన్నాడు, పెళ్ళిళ్ళకు బాడుగకు తిప్పుదామని. అనంతపురం లాయరు ఒకాయన అమ్ముతుంటే ఇంజన్ శబ్దం విని మురిసిపోయాడే గానీ, నల్ల కారులో పెళ్ళికూతుర్ని ఎవరెక్కిస్తారన్న సంగతి ఇంటికి తెచ్చాక గానీ తట్టలేదు. ఇంటావిడ పెట్టిన చీవాట్లతో వీధంతా తెల్లవారింది.

"ఎర్ర రంగే కొట్టేస్తే పోలా?" అన్నాడు చంద్రమోహన్.

"కాగితాల్లో నలుపని ఉండాది. రంగు మార్చినామంటే ఆ కాగితాలు మార్చేకి ఆఫీసు చుట్టూ తిరగల్ల. శ్రావణం ముహూర్తాలు వస్తాండాయి. నెలాఖరుకు పని మానేస్తానని నాయన తాను బండి తోలే ఓనరుకు చెప్పేసినాడు. అంతలోపల ఇది పెళ్ళి కారు కాకపోతే, నాయన మళ్ళీ పోయి ఆ ఓనరు ముందర చేతులు కట్టుకోని నిలబడల్ల."

ఆ చివరి మాట దగ్గర ఆమె గొంతు కాస్త తగ్గింది. వెంటనే సర్దుకుని తన పైట చెంగు ఎండలో పట్టుకుని చూపించింది. "మాది మగ్గం. నల్ల పడుగులో ఎర్ర పేక వేసి నేస్తే ఇట్ల వస్తాది. చూడు, నిలబెడితే నలుపు. వాలిస్తే కుంకుమ. కారుకు ఇదే కావల్ల."

చంద్రమోహన్ చీరనే చూడాలి. చూశాడు కూడా, మొదట.

"నలుపు మీద ఎర్ర పెర్ల్ మెరుపురంగు పల్చగా కొట్టి, పైన క్లియర్ కోట్ వేస్తే రావచ్చు. కుదిరిందని ఎట్ల తెలిసేది?"

"మనల్ని ఎరగని అవ్వ ఎవరన్నా ఈ కారును చూసి 'పెళ్ళెవరిదప్పా?' అని అడగల్ల. ఆపొద్దు కుదిరినట్టు."

తర్వాత ఆమె సంచిలోంచి తెల్ల పట్టుదారం తీసి బ్యాటరీకి, హారన్‌కు, అద్దానికి, వైపర్‌కు తలా ఒక పోగు కట్టింది.

"దిష్టికా మేడమ్?"

"ఇది మా నేతగాళ్ళ ముడి. విప్పినావంటే మళ్ళీ ఇట్ల కట్టడం నీ చేత కాదు. సామాన్లు మారిస్తే తెలిసిపోతాది."

చంద్రమోహన్‌కు ఒళ్ళు మండింది. "నన్ను దొంగంటాండారా?"

"నోటితో అనలేదు కదా," అని నవ్వి, రైల్వే స్టేషన్ వైపు నడిచింది.

ప్రతి గురువారం మంజుల ప్యాసింజర్ రైల్లో వచ్చేది. రాగానే ముడులు చూసేది, ఆ తర్వాత అతని మొహం చూసేది. అతను రంగు కొట్టిన రేకు ముక్కలు చేతికిస్తే, వీధిలోకి తీసుకుపోయి ఎండలో అటూ ఇటూ వాల్చేది.

"ఎరుపెక్కువ. ఇది రేషన్ షాపు తలుపు మాదిరి ఉండాది."

"ఆ రేషన్ షాపు తలుపుకు కొట్టింది కూడా నేనే మేడమ్."

"అందుకే పోలిక తెలిసింది!"

అట్లా టీలు అయ్యేవి, తగాదాలు అయ్యేవి, రైలు వేళయ్యేది. గురువారం పొద్దున్నే గడ్డం గీసుకోవడం చంద్రమోహన్‌కు ఎప్పుడు అలవాటైందో అతనికే తెలియదు. ఆ సంగతి తట్టిన రోజు అద్దంలో తన మొహాన్ని తనే అనుమానంగా చూసుకున్నాడు.

ఒక గురువారం ఆమె రైలు దిగి సంబరంగా వచ్చింది. "మా కారుకు తొలి పెళ్ళి ఖాయమైంది!"

"ఎవరిది?"

"నీకెందుకప్పా?" అని మూతి బిగించి, కళ్ళతో నవ్వింది.

అంతే, అతనికి ఆ రోజు అన్నం సహించలేదు. ఎవరిదైతే చెప్పడానికేం? దాచిందంటే ఆమెదే. తన పెళ్ళి కారుకు తనే రంగు ఎంచుకుంటోంది, కొట్టేవాడు తను. ఖర్మ కాకపోతే ఏమిటి!

సరిగ్గా ఆ వారమే రంగు కుదిరింది. బానెట్ మీద కొత్త నలుపు, దాని పైన పెర్ల్ కొట్టి, ఆరాక ఎండలోకి తోసి చూశాడు. నలుపు లోపలినుంచి కుంకుమ మెల్లగా పైకి వచ్చింది. అంత అందమైన పని అతని చేతుల్లోంచి ఎన్నడూ రాలేదు. కానీ ఇక ఆ ప్యాసింజర్ రైలుతో అతనికి పనుండదు. పైగా ఆ బానెట్ వెనక మంజుల, పక్కన ఇంకెవడో. తొట్టిలో నీళ్ళు తీసుకుని, గరుకైన వాటర్ పేపర్ పట్టి మొత్తం గీకేశాడు. పాడు పని. తెలిసే చేశాడు.

"ఇంకా కుదరలేదు మేడమ్," అన్నాడు తర్వాతి గురువారం, నేల చూస్తూ.

మంజుల వైపర్ దగ్గర వంగి చాలాసేపు నిలబడింది. అక్కడి దారాన్ని పళ్ళతో కొరికి పర్సులో వేసుకుంది. ఎందుకో అడిగే ధైర్యం అతనికి లేకపోయింది. ఒక రేకు ముక్క అందించాడు.

"ఎరుపు చాల్లేదు," అని ఇచ్చేసింది.

ఆమె వెళ్ళిపోయాక ఆ ముక్క వెనక్కు తిప్పి, తను రాసుకున్న తారీఖు చూసి తెల్లబోయాడు. పొరపాటున పాత ముక్క ఇచ్చాడు. రేషన్ షాపు తలుపని ఆమే తిప్పికొట్టిన ముక్క! చీరలకు రంగులు కలిపే పిల్లకు ఎరుపు ఎక్కువో తక్కువో తెలియదా? ఈమె కూడా అబద్ధం చెబుతోంది. ఎందుకు?

ఆ పై గురువారం వాన. హిందూపురంలో వాన పడితే ముందు జనం ఆకాశాన్ని అనుమానిస్తారు, తర్వాతే గొడుగు తెరుస్తారు. ఆ వానలో మంజుల వెంట ఒక పెద్దమనిషి కూడా వచ్చాడు. మీసాలు తుడుచుకుంటూ షెడ్డంతా కలయజూశాడు.

"ఏమప్పా, నేను మద్దిలేటిని. ఒక కారు రంగుకు ఇన్ని వారాలా? నెలాఖరు వచ్చేసింది. లోపం నీ చేతిలో ఉండాదా, నా బిడ్డ కంట్లో ఉండాదా? ఈపొద్దు తేలల్ల!"

అని కారెక్కి, తలుపేసుకుని, ఇంజన్ స్టార్ట్ చేసి వింటూ కూర్చున్నాడు. ఆ శబ్దంలో బయటి మాటలు వినబడవు. వినబడవని వీళ్ళిద్దరూ అనుకున్నారు.

మంజుల పర్సులోంచి దారం తీసి అతని అరచేతిలో పెట్టింది. "తెల్లగా కట్టినా. ఇప్పుడు చూడు."

దారం నల్లగా ఉంది. వాల్చితే కుంకుమ. బానెట్‌కు కొట్టేటప్పుడు అద్దానికి కాగితం అంటించాడు గానీ, ముడి చెదురుతుందన్న భయంతో వైపర్ మొదలును కప్పకుండా వదిలేశాడు. అతని దొంగతనం ఆ పోగుకు అంటుకుంది.

"రంగు కుదిరింది. నువ్వే గీకేసినావు. ఎందుకు?"

"నువ్వెందుకు అబద్ధం చెప్పినావు?" 'మేడమ్' అన్న పిలుపు ఎక్కడో జారిపోయింది. "ఎరుపెక్కువన్న ముక్కనే మళ్ళీ ఇస్తే చాల్లేదన్నావే!"

రేకుల మీద వాన మోగుతోంది.

"ముందు నువ్వు చెప్పు," అంది.

"తొలి పెళ్ళి నీదేమో అనుకున్నా. నిన్ను ఇంకొకరి పక్కన కూర్చోబెట్టే కారును నా చేత్తో మెరిపించి పంపేకి మనసు రాలేదు. నువ్వంటే నాకిష్టం మంజులా."

"అది మా పక్కింటి సిద్ధమ్మ కూతురి పెళ్ళి!"

"ఆ ముక్క అప్పుడే చెప్పుంటే?"

"చెప్తే నీ మొగం అట్ల మాడిపోయేది చూసేదాన్నా?" నవ్వబోయి తలదించుకుంది. "ఆ దారం చూడంగానే తెలిసిపోయింది, నీకూ మనసులేదని... నన్ను పంపేకి. నాకూ గురువారాలు అయిపోకూడదనిపించింది. అందుకే చాల్లేదన్నా."

అతని చెయ్యి ముందుకొచ్చింది. ఆమె ఒక అడుగు వెనక్కేసింది.

"ఉండు. మనిద్దరి దొంగాటలో నలిగింది మా నాయన. ఆయన మళ్ళీ ఆ ఓనరు దగ్గరికి పోతే నేను నీ మొగం చూడను. నా మొగం కూడా చూసుకోలేను. ముందు కారు."

చంద్రమోహన్ ఆ మాటలో ఒక్క అక్షరం కూడా కాదనలేదు. వాన వెలిసిన దగ్గరనుంచీ షెడ్డు వదల్లేదు.

ఆదివారం కారు రోడ్డెక్కింది. మంజుల తోలుతోంది, పక్కన చంద్రమోహన్. బాడుగకు ఎక్కినవాళ్ళకు ఎట్లా ఉంటుందో చూడాలని మద్దిలేటి వెనక సీట్లో కూర్చున్నాడు. తమను ఎవరూ ఎరగని పెనుకొండ బస్టాండు దగ్గర ఆపారు. మబ్బు పట్టి ఉంది.

సైకిలాయన ఒకడు కిటికీలోకి తొంగిచూశాడు. "ఏమబ్బా, లాయరు కారా?"

మద్దిలేటి మొహం వాడిపోయింది. మంజుల స్టీరింగ్ మీద వేళ్ళు బిగించింది. "నలుపు నలుపే లేమ్మా," అన్నాడాయన మెల్లగా. "రేపు పోయి ఓనరుతో మాట్లాడతా."

అప్పుడు కొండమీదినుంచి మబ్బు జరిగింది. ఎండ వచ్చి బానెట్ మీద పడింది. కనకాంబరాలు కడుతున్న అవ్వ ఒకామె కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, బుట్ట ఎత్తుకుని గబగబా వచ్చేసింది.

"ఏమప్పా, పూలు లేకుండానే పోతాండారా? పెళ్ళెవరిది?"

చంద్రమోహన్ కొండను చూస్తున్నాడు. మంజుల చెవులు బానెట్ కంటే ఎర్రబడ్డాయి.

"నాకూ ఇంకా చెప్పలేదవ్వా వీళ్ళు," అన్నాడు మద్దిలేటి వెనకనుంచి. "ఇంజన్ మోగుతాంటే చెవులు పనిచేయవనుకున్నారు. ఇన్నేళ్ళు బండి తోలినోణ్ణి, శబ్దంలో శబ్దం వేరు చేసేది నాకు రాదా?"

"నాయనా..." అంది మంజుల.

"నువ్వు గమ్మునుండు. ఏమప్పా చంద్రమోహన్, మీ ఇల్లు యాడ?"

"హిందూపురంలోనే... మామా." ఆ మాట ఎట్లా వచ్చిందో అతనికే తెలియదు. వెనక్కు తీసుకోనూ లేదు.

"మీ అమ్మ ఇంట్లో ఉంటాదా ఇప్పుడు?"

"ఉంటాది."

మద్దిలేటి అవ్వ దగ్గర పూలు తీసుకుని ముందుకు వంగి కూతురి చేతిలో పెట్టాడు. సీట్లో వెనక్కు వాలి, బాడుగ ఇచ్చిన పెద్దమనిషిలా కాలు మీద కాలు వేసుకున్నాడు.

"అయితే తిప్పమ్మా బండి."