పక్కసీటు మనిషి

బస్సు ఎక్కగానే గైడు తన పద్ధతి చెప్పేశాడు. తలలు లెక్కపెట్టడం తన వల్ల కాదట. లెక్క మధ్యలో ఒకరు దిగుతారు, ఇంకొకరు బాత్రూంకి పరిగెడతారు, ఎప్పుడు చూసినా తప్పే.

"అందుకని ఎవరి పక్కసీటుకి వాళ్ళే జవాబుదారీ. బస్సు కదిలేముందు, పడవ కదిలేముందు అడుగుతాను, మీ పక్కవాళ్ళు వచ్చారా అని. వచ్చారని మీరంటే వచ్చినట్టే. ఇక నేను వెనక్కి తిరిగి చూడను."

ముందు సీట్లో తెల్లజుట్టు పెద్దాయన చెయ్యెత్తాడు. "రాలేదని చెబితే వదిలేసి వెళ్ళిపోతారా, బాబూ?"

"అయ్యో, వెతుకుతాం సార్."

"మరి ముందే చెప్పొద్దూ! అనవసరంగా ఆశపడ్డాను."

ఆయన భార్య చేతిసంచితో మోకాలి మీద ఒక్కటిచ్చింది. బస్సంతా గొల్లున నవ్వింది. వెనక కిటికీ దగ్గర కూర్చున్న ఆమె కూడా నవ్వింది. నవ్వి చాలా కాలమైంది. ఇంట్లో కూర్చుని బడి యూనిఫారాలు కుట్టే మనిషి. స్కూళ్ళు తెరిచే ముందు రెండు నెలలు మిషను మీద నుంచి తల ఎత్తదు. ఆ పని ఈ మధ్యే తీరింది. కూతురికి ఆఫీసులో సెలవు దొరికింది. "ఈసారి నువ్వు కాదంటే ఊరుకోను" అని లాక్కొచ్చింది. కుట్టుమిషన్లు బాగుచేసే మొగుడు మాత్రం షాపు వదలనన్నాడు.

కూతురిని ఇంట్లో అందరూ చిలక అంటారు. నోరు మూతపడదు కాబట్టి. పొద్దున హోటల్ మంచం మీద కూర్చుని కాలిగోళ్ళకి ఆకుపచ్చ రంగు వేసుకుంది. "ఛీ, పాచి పట్టినట్టుంది" అని తల్లి అంటే, "నీకేం తెలుసులే, టైలరమ్మా" అని రెండో కాలు చాపింది.

బస్సు సముద్రం పక్కనే సాగింది. లైట్‌హౌసు చూపించారు, పాత కోట గోడ చూపించారు. తెల్లటి ఇసుక, ఎండ, ఐస్‌క్రీం బళ్ళు. దిగినప్పుడల్లా, ఎక్కినప్పుడల్లా అదే ప్రశ్న. "మీ పక్కవాళ్ళు వచ్చారా?" రెండు మూడుసార్లు అయ్యేసరికి అందరికీ అలవాటైపోయింది. ఎవరూ పక్కకి తిరిగి చూడట్లేదు. చెయ్యి ఊపి, "ఆ, వచ్చారు" అనేస్తున్నారు.

చివరికి మునిగే పడవ, సముద్రం అడుగు చూపించేది.

అది ఒడ్డు దాకా రాదు. చిన్న లాంచీలో కొంతదూరం తీసుకెళ్ళి, నీళ్ళ మీద తేలుతున్న దాని వీపు మీదకి ఎక్కించారు. పైనున్న మూత తెరిచి ఉంది. లోపలికి ఇనుప నిచ్చెన. లైఫ్ జాకెట్లు అక్కడే విప్పి ఇచ్చేయాలి. వాటితో ఆ కంతలో మనిషి పట్టడు.

"నువ్వు దిగి సీటు పట్టుకో అమ్మా. మళ్ళీ లాంచీ ఎక్కి నాన్నకి ఒక్క ఫోటో తీసి వచ్చేస్తా."

"జాగ్రత్త. జారుతోంది."

"నేనేం చంటిదాన్నా?"

తల్లి దిగింది. లోపల డీజిలు వాసన, తడి రబ్బరు వాసన. మధ్యలో పొడుగ్గా బెంచీలు, వీపులు ఆనించుకుని మొహాలు కిటికీల వైపు పెట్టి కూర్చోవాలి. కిటికీలు గుండ్రంగా, అన్నం పళ్ళేలంత. ఆమె ఒక కిటికీ ముందు కూర్చుని పక్కన హ్యాండ్‌బ్యాగు పెట్టింది. అద్దం అవతల నీళ్ళు లేతాకుపచ్చగా ఉన్నాయి. వెండి రేకుల్లాంటి చేపలు ఒక్కసారిగా తిరిగి, ఒక్కసారిగా మాయమయ్యాయి. ఆమె నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

హ్యాండ్‌బ్యాగు ఎవరో తీసి ఆమె ఒళ్ళో పెట్టారు. పక్కన బరువు ఆనింది. భుజం మీద తల వాలింది. చిలక ఎప్పుడూ అలాగే వాలుతుంది.

నిచ్చెన దగ్గర నుంచి గైడు గొంతు. "మీ పక్కవాళ్ళు వచ్చారా?"

"వచ్చారు." "వచ్చింది." "ఏం చేస్తాం, వచ్చింది" అన్నాడు పెద్దాయన.

"వచ్చింది" అంది ఆమె. చేపల మీంచి కళ్ళు తిప్పకుండా.

పైన మూత పడింది. బరువైన చప్పుడు. ఎవరో చక్రం తిప్పి బిగించారు.

అప్పుడు చూసింది... కిటికీలో, పైవైపున, తేట నీళ్ళలోంచి, లాంచీకి వేలాడుతున్న నిచ్చెన. దాని చివరి మెట్టు మీద రెండు కాళ్ళు. ఆకుపచ్చ గోళ్ళు. ఒక కాలు ఇటువైపు చాపి, పడవ వీపు అందక గాలిలో వెతుకుతోంది. పడవ పక్కకి జరిగింది. కాళ్ళు జారాయి.

నీళ్ళలో బుడగలు. ఇంకేమీ కనబడలేదు.

"ఆగండి!" అని లేవబోయింది. చెయ్యి పట్టుకుని ఎవరో కూర్చోబెట్టారు.

"ఏమైందమ్మా?"

చిలక. పక్కనే ఉంది. ఆ చుక్కల చొక్కా, ఆ జడ. చేతిలో ఫోను. ఆమె కిందకి చూసింది. చెప్పుల్లో ఆకుపచ్చ గోళ్ళు.

"నీ కాళ్ళు..." అంది.

"పాచి పట్టినట్టున్నాయా?" అని నవ్వింది పిల్ల.

తల్లి ఊపిరి వదిలింది. ఇంకెవరి కాళ్ళో. అయినా కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. వెచ్చగానే ఉంది.

పడవ దిగుతోంది. ఆకుపచ్చ నీలమైంది, నీలం నల్లబడింది. ఎక్కడో సన్నగా బుస కొడుతున్న చప్పుడు. బయట బాగా కనబడాలని లోపలి దీపాలు ఆర్పేశారు. చీకట్లో అందరి ఊపిరీ వినిపిస్తోంది. పడవ ముందున్న లైటు రాళ్ళ మీద, ఊగుతున్న నాచు మీద పాకుతోంది.

నాచు అనుకున్నది కిటికీ దాకా వచ్చింది.

జుట్టు.

ఆ జుట్టు మెల్లగా విడిపోయింది. వెనక చిలక మొహం. అద్దానికి అవతల. కళ్ళు తెరిచి ఉన్నాయి. చూస్తున్నాయి. అరచెయ్యి అద్దానికి ఆనించింది. పెదవులు కదిలాయి... మళ్ళీ కదిలాయి. అద్దంలోంచి చప్పుడు రాదు. కానీ పుట్టినప్పటి నుంచి ఆ నోట్లోంచి వినే మాట ఏ తల్లికి తెలియదు?

ఆమె అరిచిన అరుపుకి దీపాలు వెలిగాయి.

"నా కూతురు! బయటుంది! పైకి తీసుకెళ్ళండి... తలుపు తియ్యండి!"

గైడు వంగుతూ వచ్చాడు. "తలుపు తీస్తే అందరం పోతాం అమ్మా. ఎవరు బయట?"

"నా కూతురు. ఇదిగో, చూడండి!"

అతను కిటికీలోంచి చూశాడు. తర్వాత ఆమె పక్కకి చూశాడు. పెద్దాయన చూశాడు. ఆయన భార్య చూసింది. అందరూ చివరికి చూసింది ఆమె పక్కకే.

"అమ్మకి మూసేసిన చోట్లంటే పడదండీ" అంది పక్కనున్న పిల్ల, నొచ్చుకుంటూ. "లిఫ్టులో కూడా ఇంతే. అమ్మా, నన్ను చూడు. ఇక్కడే ఉన్నాను కదా."

అది నిజమే. లిఫ్టు సంగతి ఇంట్లోవాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు.

"అద్దంలో నీడ పడుతుందమ్మా" అన్నాడు గైడు. "చాలామంది భయపడతారు. ఇంకాసేపే. రౌండు పూర్తికాకుండా పైకి తేలనివ్వరు. పైన లాంచీలు తిరుగుతుంటాయి."

మళ్ళీ దీపాలు ఆర్పారు. అద్దం మీద అరచెయ్యి అలాగే ఉంది. ఆమె తన చెయ్యి ఇవతల నుంచి దాని మీద పెట్టింది. అద్దం చల్లగా ఉంది. పడవ ముందుకి పోతోంది. ఆ చెయ్యి అద్దం మీద కొంచెం కొంచెంగా వెనక్కి జరుగుతోంది. వేళ్ళు అంచుని పట్టుకున్నాయి. ఒక వేలు జారింది. ఇంకొకటి...

ఆమె రెండో చేతిని పక్కనున్న పిల్ల నిమురుతూనే ఉంది.

*

పైకి వచ్చాక ఆమె లాంచీ అంచున మోకాళ్ళ మీద కూలబడి నీళ్ళలోకి చూసింది. మెరుస్తున్న ఎండ తప్ప ఏమీ లేదు. గైడు కాళ్ళు పట్టుకుంది. "మనుషుల్ని దింపండి బాబూ. వెతికించండి."

"వెతికిస్తాను ఆంటీ. ఎవరికోసమని చెప్పను?"

"మా అమ్మాయి కోసం."

అతను వెనక ఆమె చెప్పులు పట్టుకుని నిలబడ్డ పిల్లని చూశాడు. కుర్రవాడు మంచివాడే. నీళ్ళసీసా తెచ్చి ఇచ్చాడు.

బస్సెక్కారు. ఇంజను మొదలైంది. గైడు మైకు పట్టుకున్నాడు. "మీ పక్కవాళ్ళు వచ్చారా?"

వచ్చారు, వచ్చారు అంటూ వరసగా సీట్లన్నీ దాటి ప్రశ్న ఆమె దాకా వచ్చింది.

"రాలేదు" అంది ఆమె.

పెద్దాయన చప్పట్లు కొట్టాడు. "శభాష్ చెల్లెమ్మా! తేరుకున్నావు!"

బస్సంతా నవ్వింది. ఆ నవ్వులో ఊరట కూడా ఉంది.

"రాలేదు... నిజంగా రాలేదు..." ఆమె లేచి నిలబడింది. బస్సు కుదుపుకి మళ్ళీ సీట్లో పడింది. డ్రైవరు గేరు మార్చాడు. సముద్రం కిటికీలోంచి వెనక్కి పోవడం మొదలైంది.

భుజం మీద తల వాలింది. చెవి దగ్గర మెల్లగా, చనువుగా...

"ఒకసారి వచ్చిందన్నావు కదమ్మా."

*

గదిలో ఆ పిల్ల తడి తువ్వాళ్ళు బాల్కనీలో ఆరేసింది. తల్లి నుదుటికి మందు రాసింది. తండ్రికి ఫోను చేసి కోట గోడ గురించి, పెద్దాయన వేళాకోళాల గురించి గడగడా చెప్పింది. మాట మాటకీ అదే నవ్వు. ఆ తర్వాత బట్టలు మడతపెడుతూ ఫోను తల్లికి అందించింది.

ఆమె గోడవైపు తిరిగింది. "ఏవండీ... మన పిల్ల సముద్రంలో ఉండిపోయింది."

"ఏమిటే?"

"మన చిలక. నీళ్ళలో ఉంది. నేనే వదిలేసి వచ్చాను."

"మరి ఇప్పటిదాకా నాతో మాట్లాడిందెవరే?"

ఆమె వెనక్కి చూసింది. పిల్ల చొక్కా చేతులు లోపలికి మడిచి, కాలరు పైకి వచ్చేలా పెడుతోంది. అలా మడవడం నేర్పింది తనే.

ఫోను పెట్టేసింది.

రాత్రంతా కుర్చీలో కూర్చుంది. మంచం మీద పిల్ల పక్కకి తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని నిద్రపోతోంది. లేపి గెంటేద్దామా అనుకుంది. గెంటేశాక అదే తన కూతురైతే? దగ్గరికి తీసుకుందామా అనుకుంది. తీసుకున్నాక కాకపోతే? ఏది చేసినా తన బిడ్డని తనే పోగొట్టుకున్నట్టవుతుంది. ఏమీ చెయ్యకపోయినా అంతే. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, తెల్లవారేదాకా కుర్చీలోంచి కదల్లేదు.

తెలవారుతుండగా ఒడ్డుకి నడిచింది. ఊరికి తీసుకెళ్ళే బస్సు ఇంకాసేపట్లో. రేవులో పడవవాడు తాళ్ళు బిగిస్తున్నాడు.

"ఒక్కసారి దింపు నాయనా. నన్నొక్కదాన్నే."

"ఇవాళ దిగడాల్లేవమ్మా. అలలు చూశారా?" అన్నాడు. మంచి మాటే. అతను బకెట్టు తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇసుకలో ఎవరూ లేరు. నీళ్ళు బూడిదరంగులో ఉన్నాయి. ఉప్పు వాసన, కుళ్ళిన నాచు వాసన. ఆమె చెప్పులు విడిచి నీళ్ళలోకి దిగింది. చీలమండల దాకా. మోకాళ్ళ దాకా. ఈత రాదు. వచ్చినా ఎక్కడని వెతుకుతుంది?

"అమ్మా!"

వెనక నుంచి. పిల్ల రెండు సంచులూ భుజాలకి తగిలించుకుని ఇసుకలో నిలబడి ఉంది. "వచ్చెయ్ అమ్మా. బస్సుకి టైమవుతోంది."

ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

"అమ్మా..."

ఈసారి ముందు నుంచి. నీళ్ళ మీద నుంచి. అలల మోతలో సన్నగా, వణుకుతూ... అదే గొంతు.

ఆమె కదల్లేదు. కదల్లేకపోయింది. తన చెవులేననుకుంది, నిద్ర లేని తన బుర్రేననుకుంది. ఈ పిలుపు తనకి తప్ప ఇంకెవరికీ వినబడదు. నిన్నటి నుంచీ అంతే కదా.

"అమ్మా..." సముద్రం వైపు నుంచి మళ్ళీ.

వెనక ఇసుకలో, సంచులు కింద పెడుతున్న చప్పుడు. పిల్ల గొంతు పెంచింది. తల్లితో కాదు. తల మీదుగా, దూరంగా, నీళ్ళలోకి. వంటింట్లోంచి చెల్లెలికి చెప్పినంత మామూలుగా...

"అరవకే. వస్తోంది."