మేకుకు తగిలించిన మాస్క్

క్లారినెట్ మాస్టారు మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నారు. ముక్కు మీద మాస్క్. తల వెనక బిగించిన పట్టీలు. మంచం పక్కన సీపాప్ మెషీన్, నిద్రలో ఊపిరి ఆగకుండా మాస్క్‌లోకి గాలి పంపేది, బుస్సుమంటూ గాలి కొడుతూనే ఉంది. ఆ గాలి పీల్చుకునే మనిషి మాత్రం లేడు.

ఇన్‌స్పెక్టర్ గ్లవ్స్ తొడుక్కుని మెషీన్ ఆపింది.

"నేనే చంపాను," అంది గోడ వారగా కూర్చున్న ఆయన భార్య.

ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడ హ్యాండ్‌బ్యాగ్‌ని గుండెకి అదుముకుని ఉంది. అడిగి రాబట్టిన నిజాలు ఇన్‌స్పెక్టర్‌కి అలవాటే. అడక్కుండా ఒళ్ళో వచ్చి పడే నిజమంటేనే ఆవిడకి మహా అనుమానం.

"ఎలా చంపారమ్మా?"

ఆవిడ మాస్క్ వైపు చూసి తల దించుకుంది.

పోలీసులకి ఫోన్ చేసింది మాస్టారి తమ్ముడు. కింది వాటాలో ఉంటాడు. అన్నగారి బ్యాండులోనే క్లారినెట్ వాయిస్తాడు. అన్నగారు వాయించలేకపోయాక, రెండేళ్ళుగా ముందు కుర్చీ, అంటే ప్రధాన వాద్యగాడి చోటు, అతనిదే.

"వదిన నోటితోనే అంది కదా మేడమ్. ఇంక నేను చెప్పేదేముంది? ఆ పట్టీలు రోజూ బిగించేది ఆవిడే. గాలి లీకవుతోందని లాగి లాగి కట్టేది. అన్నయ్య మొహం వాచిపోయేది."

"మధ్యాహ్నం మీరు పైకి వచ్చారా?"

"ఒకసారి తొంగి చూశాను. ఎప్పట్లాగే ఈ మాస్క్ పెట్టుకుని పడుకున్నాడు. లేపడం ఎందుకని దిగిపోయాను."

"అప్పుడు వదినగారు?"

"బయటికెళ్ళింది. కట్టాల్సింది కట్టేసి వెళ్ళింది."

పోలీసు డాక్టరు తేలిగ్గా తేల్చేశాడు. "నిద్రలో ఊపిరి ఆగే జబ్బు. గుండె కూడా అంతంత మాత్రం. కింది పెదవి లోపల చిన్న గాయం ఉంది. మాస్క్ ఒత్తుకుని అయ్యుంటుంది."

ఇన్‌స్పెక్టర్ వంగి శవం మొహాన్ని చూసింది. మాస్క్ అంచు కాస్త ఎత్తి కింద చర్మం చూసింది. పట్టీ జరిపి చెంప చూసింది. చాలాసేపు చూసింది.

తర్వాత గోడ చూసింది. మంచానికి ఎదురుగా ఒక మేకు. మేకు చుట్టూ సున్నం మీద దుమ్ము చార. మధ్యలో మాత్రం మాస్క్ అంత మేర తెల్లగా ఉంది.

ఆ మధ్యాహ్నం ఇంటికి వచ్చిన బయటి మనిషి ఒక్కడే. వాయిద్యాలు రిపేరు చేసే అతను. క్లారినెట్‌కి నోట్లో పట్టుకుని ఊదే ముక్క, రెండో మౌత్‌పీస్, ఇచ్చి పోవడానికి వచ్చాడు.

"మాస్టారు పడుకుని ఉన్నారా?"

"లేదండీ. గదిలో పచార్లు చేస్తున్నారు. నిద్ర ముంచుకొస్తోందయ్యా, కాసేపు కబుర్లు చెప్పు అన్నారు. నాకు వేరే పనుంది, వెళ్ళిపోయాను." అతను చేతిలోని సంచి కింద పెట్టాడు. "ఇంకో పది నిమిషాలు కూర్చుంటే నా సొమ్మేం పోయేదండీ?"

"మౌత్‌పీస్‌కి ఏం చేశారు?"

"మొదటిదానికి చేసినట్టే వాలు మార్చానండీ. ఆయన పై పళ్ళు లోపలికి పోయాయి. పాత పద్ధతిలో పట్టుకుంటే స్వరం నిలవడం లేదు. మాస్క్ వల్లేనట. అది మానేసి వేరేది పెట్టుకుంటున్నానని చెప్పారు. బ్యాండులో ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు."

ఇన్‌స్పెక్టర్ అక్కణ్ణుంచి నేరుగా మాస్టారిని చూసే పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన బల్ల మీద రెండు పళ్ళ అచ్చులు పెట్టాడు. రెండూ మాస్టారివే.

"ఇది మెషీన్ మొదలుపెట్టక ముందుది. పై పళ్ళు ముందుకున్నాయి చూడండి. ఇది ఆరు నెలల కిందటిది. పై పళ్ళు వెనక్కి ఒరిగాయి. ఇప్పుడు కింది పళ్ళే ముందుకొచ్చాయి."

"ఒక్క మాస్క్ ఇంత పని చేస్తుందా?"

"అది ముక్కు మీదా, పై పెదవి మీదా కూర్చునే రకం. సైజు సరిపోకపోతే గాలి లీకవుతుంది. అందరూ చేసే తప్పు ఒక్కటే, పట్టీ ఇంకా బిగిస్తారు. రాత్రంతా పై దవడని వెనక్కి నొక్కినట్టే. ఏళ్ళు గడిస్తే పళ్ళు జరుగుతాయి. మెషీన్ మానొద్దు, మాస్క్ మార్చండి అన్నాను. ముక్కు రంధ్రాల దగ్గర ఆనుకునే చిన్న రకం ఇప్పించాం. పళ్ళు మళ్ళీ ముందుకైతే రాలేదు. ఇంకా పోకుండా ఆగాయి. ఆయన కొత్తగా వాయించడం నేర్చుకున్నారు. మొండివాడు."

"ఇవాళ?"

"కొత్త మాస్క్ మెత్త చిరిగితే భార్య మార్పించుకోవడానికి తెచ్చారు. రద్దీ ఎక్కువై నేనే ఆలస్యం చేశాను."

ఇన్‌స్పెక్టర్ రెండో అచ్చు చేతిలోకి తీసుకుంది. ఎందుకో ఇంట్లో మొగుడు గుర్తొచ్చాడు. గురక భరించలేక అతని మాస్క్ పట్టీ రోజూ లాగి కట్టేది ఆవిడే. ఇవాళ్టి నుంచి వదులు చెయ్యాలి అనుకుంది.

సాయంత్రం అందర్నీ మాస్టారి గదిలోకి పిలిచింది. మంచం ఖాళీగా ఉంది.

"అమ్మా, మీ బ్యాగులో ఏముందో చూపించండి."

ఆవిడ బ్యాగు తెరిచి ఒక చిన్న డబ్బా తీసింది. అందులో రెండు మెత్తటి గొట్టాలున్న బుల్లి మాస్క్.

"వచ్చేదాకా నిద్రపోకండి అని చెప్పి వెళ్ళాను," అంది. "తొందరగా వచ్చేస్తానన్నాను. రాలేకపోయాను. నిద్ర ఆపుకోలేక ఆ పాడు మాస్క్ పెట్టేసుకున్నారు. అన్నేళ్ళూ దాన్ని బిగించి బిగించి ఆయన నోరు పాడుచేసింది నేను. చివరికి అదే ఆయన్ని తీసుకుపోయింది. నేను చంపినట్టు కాదా?"

"కాదు," అంది ఇన్‌స్పెక్టర్. "ఆ మాస్క్ ఆయన పెట్టుకోలేదు."

సీలు చేసిన కవర్లో ఉన్న పాత మాస్క్‌ని పైకెత్తి చూపించింది.

"మా ఆయనకీ ఇలాంటిదే ఉంది. పొద్దున తీస్తే మధ్యాహ్నం దాకా మొహం మీద గాట్లు పోవు. మాస్టారి చెంపల మీద ఒక్క గీత లేదు. అంత బిగించి ఉన్నా లేదు. ప్రాణం పోయాక పెట్టిన మాస్క్ అది. ఇంకొకటి, గాయం కింది పెదవి లోపల ఉంది. ఈ మాస్క్ కింది పెదవిని తాకనే తాకదు. దిండు తాకుతుంది. దిండుతో నొక్కితే, ముందుకొచ్చిన కింది పళ్ళు పెదవిలో దిగుతాయి."

ఇన్‌స్పెక్టర్ మాస్టారి తమ్ముడి వైపు తిరిగింది.

"పెట్టినవాడు ఈ మేకు మీద నుంచి తీశాడు. మాస్టారు ఇంకా ఇదే వాడుతున్నారనుకున్నాడు. మాస్క్ మారిందని భార్యకి తెలుసు. రిపేరు అతనికీ తెలుసు. 'ఎప్పట్లాగే ఈ మాస్క్ పెట్టుకుని పడుకున్నాడు' అన్నది మీరొక్కరే. ఆరు నెలలుగా ఆ 'ఎప్పట్లాగే' లేదు."

"అది... రోజూ ఇక్కడే వేలాడుతుంటే..." అన్నాడు తమ్ముడు.

"శత్రువు కళ్ళెదురుగా ఉండాలని ఆయనే తగిలించుకున్నారు," అంది భార్య మెల్లిగా.

తమ్ముడు మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"ఆదివారం కచేరీలో ముందు కుర్చీ తనదేనన్నాడు అన్నయ్య. పళ్ళు పాడైనవాడు ఏం వాయిస్తాడులే అనుకున్నా. నిన్న కింద కూర్చుని విన్నాను వదినా. పైన వాయిస్తున్నాడు. నా జన్మలో అలా వాయించలేను." మొహం చేతుల్లో దాచుకున్నాడు. "ఇవాళ వచ్చేసరికి నిద్రపోతున్నాడు..."

"పడుకుని ఉన్నారా?" అంది మాస్టారి భార్య.

"ఏంటి?"

"సరిగ్గా చెప్పు. మీ అన్నయ్య పడుకుని ఉన్నారా?"

అతను గదిలోని కుర్చీ వైపు చూశాడు.

"లేదు. కుర్చీలో కూర్చునే నిద్రపోయాడు. తలుపుకి ఎదురుగా. చేతిలో క్లారినెట్ ఉంది. మంచం మీద నేనే పడుకోబెట్టాను."

కానిస్టేబుళ్ళు అతన్ని కిందికి తీసుకుపోయారు. ఇన్‌స్పెక్టర్ గడప దగ్గర ఆగి వెనక్కి చూసింది.

మాస్టారి భార్య ఆ కుర్చీ దగ్గరికి వెళ్ళి నేల మీద కూర్చుంది. కొత్త మాస్క్ డబ్బాని కుర్చీలో పెట్టింది.

"తెచ్చానండీ," అంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది.