నెత్తిన రెండు తూట్లు

చిక్కపేటలో గాజుల వెంకటగిరియప్ప చేతి నేర్పు ఎరగని ఆడమనిషి లేదు. మణికట్టు ఎంత లావున్నా సరే, ఆయన తొడిగితే గాజు చిట్లదు, చెయ్యి నొవ్వదు. అలాంటి మనిషి, ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది శ్రావణంలో, మంగళగౌరి నోముకని వచ్చిన కొత్త పెళ్ళికూతురి చేతిలో వరసగా నాలుగు గాజులు చిట్లగొట్టాడు. పిల్ల తల్లి చెంపలు వేసుకుని, మిగతా గాజులు అక్కడే వదిలేసి, కూతుర్ని లాక్కుని వెళ్ళిపోయింది.

దుకాణం వెనకే ఇల్లు. కాఫీ తెచ్చిన సొన్నమ్మ ఆ ముక్కలు చూసి గడపలోనే నిలబడిపోయింది.

"ఏమైంది మీకు? చెయ్యి వణుకుతాండాది గదా!"

"సుమ్నే ఉండు, ఊరికే అరవద్దు. గాజు... గాజు మంచిది గాదు," అన్నాడాయన. మాట ముద్దగా వచ్చింది. కుడిచెయ్యి ఒళ్ళో వాలిపోయి ఉంది.

సొన్నమ్మకు ఒక సంగతి తెలుసు. నలభై రోజుల కిందట కాఫీ చల్లారిందని ఆయన లోటా గోడకేసి కొట్టాడు. ముప్పయ్యేళ్ళ కాపురంలో ఆవేళ ఆమెకు తిక్క రేగింది. రెండు చేతులతో ఒక్క తోపు తోసింది. ఆయన తూలి, వంటింటి దారబందానికి తల కొట్టుకున్నాడు. బొప్పి కట్టింది, పసుపూ సున్నం రాసింది, నాలుగు రోజులకు తగ్గిపోయింది. తోసింది ఇంట్లో ఎవరూ చూడలేదు, బొప్పిని ఆయన తలపాగా కప్పేసింది. మొగుణ్ణి కొట్టిన ఆడది అనే పేరు ఏ ఇల్లాలికి కావాలి చెప్పండి! కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని ఆమె నోరు విప్పలేదు.

మొగుడు పోయినప్పట్నుంచీ వీళ్ళింట్లోనే ఉంటున్న ఆయన అక్క పాపక్క వెంటనే తేల్చేసింది. "దిష్టి! అంగట్లో కూర్చునే మనిషికి దిష్టి తగలకుండా ఎట్లుంటాది?" నిమ్మకాయలు దిగదుడిచారు, తాయెత్తు కట్టారు. వీధి చివరి డాక్టరు వచ్చి ఎక్కడైనా పడ్డావా అని అడిగితే, వెంకటగిరియప్పే లేదని తల అడ్డంగా ఊపాడు. మొగుడే లేదన్నాక తను నోరు తెరవడమెందుకని సొన్నమ్మ తేలు కుట్టిన దొంగలా పొయ్యి దగ్గరే ఉండిపోయింది. శుక్రవారం పొద్దున ఎంత తట్టినా ఆయన కళ్ళు తెరవలేదు.

కొడుకు మునినారాయణప్ప గడియారాల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఆవేళ డ్యూటీ మానేసి టాక్సీ పిలుచుకొచ్చాడు. టాక్సీ హోసూరు రోడ్డు పెద్దాసుపత్రికి అని తెలిసి పాపక్క నోరు కొట్టుకుంది.

"పిచ్చాసుపత్రికా! మా తమ్ముడికి పిచ్చి పట్టిందని ఊరంతా చెప్పుకునేదానికా?"

"అక్కడ మెదడు డాక్టర్లు ఉండారత్తా. లే, తొందరగా ఎక్కు."

అక్కడి డాక్టరు కోలారు వైపువాడు, తెలుగు బాగా వచ్చు. వెంకటగిరియప్ప కనురెప్పలెత్తి లైటు వేసి చూశాడు, అరికాలు గీరి చూశాడు. బయటికి వచ్చి ముగ్గుర్నీ పక్కకి పిలిచాడు.

"మెదడు మీద ఒత్తిడి పడింది. లోపల గడ్డయినా ఉండాలి, లేదంటే పాత దెబ్బకు నెత్తురు నిలిచి ఉండాలి. నెత్తురే అయితే పుర్రెకు తూటు పెట్టి తీసేస్తాం."

పాపక్క ఊరుకోలేదు.

"ఏమప్పా, తలకు తూటు పెట్టేది కూడా ఒక వైద్యమేనా? మనిషి పుర్రె పగిలేది కాటిలో, కొరివి పెట్టిన కొడుకు చేత. బతికుండంగానే ఆ పని నువ్వు చేస్తావా?"

డాక్టరు కోప్పడలేదు. "పెద్దమ్మా, వేల ఏళ్ళ కిందటే మనుషులు రాళ్ళతో గీకి తలకు తూట్లు పెట్టుకున్నారు. దయ్యం పోతుందని పెట్టుకుంటే అది వట్టి పిచ్చి. జ్ఞానం పెరుగుతుందని పెట్టుకుంటే అంతకంటే పిచ్చి. కానీ పుర్రె గట్టి డబ్బా. లోపల నెత్తురు చేరితే మెదడుకు తప్పుకునే చోటుండదు. అప్పుడు తూటును మించిన మందు లేదు. గడ్డయితే మాత్రం ఈ తూటుతో లాభం లేదు, దారి వేరే." కొడుకు వైపు తిరిగాడు. "మెడ నరంలోకి మందెక్కించి ఫోటోలు తీయాలంటే రేపటిదాకా ఆగాలి. ఈయన అంతసేపు ఆగేట్టు లేడు. అందుకే అడుగుతున్నా, ఈ రెండు నెలల్లో తలకు దెబ్బ తగిలిందా?"

"లేదు సార్. మొన్న ఆయన్నే అడిగితే లేదన్నాడు."

"బాగా ఆలోచించు."

"తగిలుంటే ఇంట్లోవాళ్ళకు తెలీకుండా ఉంటుందా సార్?"

సొన్నమ్మ కొడుకు వైపు చూసింది. చెబితే కొడుకు ముఖం ఎలా చూడాలి? చెప్పకపోతే ఆ కొడుకే రేపు తండ్రికి కొరివి పెడతాడు. తెరిచిన తలుపులోంచి మంచం కనిపిస్తోంది. దాని మీద ఆయన గురక పెట్టినట్టు, ఆగి ఆగి ఊపిరి తీస్తున్నాడు. ఒకసారి మరీ ఎక్కువసేపు ఆగింది.

"తగిలింది," అంది. గొంతు ఆమెకే వినపడలేదు. మళ్ళీ అరిచినట్టు అంది. "తగిలిందప్పా! నేనే తోసినా. దారబందానికి కొట్టుకున్నాడు. నలభై దినాలైంది."

"ఓసి పాపిష్టిదానా!" పాపక్క ఆమె జబ్బ పట్టుకుని ఊపేసింది. "నా తమ్ముణ్ణి చంపేస్తివి గదే! ఇన్ని దినాలు నా చేత నిమ్మకాయలు తిప్పిస్తివా!"

మునినారాయణప్ప తల్లి వైపు ఒక్కసారి చూసి గోడ వైపు తిరిగిపోయాడు. ఆ చూపుకంటే చెంపదెబ్బ నయం.

డాక్టరుకు ఈ గొడవేదీ పట్టలేదు. "ఏ పక్క తగిలిందమ్మా?"

సొన్నమ్మ తన తలనే తడుముకుని ఎడం కణత పైన చూపించింది.

"ఎడం పక్క మెదడు నొక్కుకుంటే కుడిచెయ్యే పడిపోతుంది. సరిపోయింది. సంతకం పెట్టు, ఇప్పుడే తీసుకుపోతాం."

ఆమెకు సంతకం రాదు. డాక్టరే వేలు పట్టుకుని వేలిముద్ర వేయించాడు.

గంటన్నర పట్టింది. ఆ గంటన్నరా బెంచీకి ఆ చివర పాపక్క, ఈ చివర సొన్నమ్మ, దూరంగా కిటికీ దగ్గర కొడుకు. తలుపు చప్పుడైన ప్రతిసారీ సొన్నమ్మ మంగళసూత్రం గుప్పిట్లో బిగించి కళ్ళు మూసుకుంది. అన్ని దేవుళ్ళకూ మొక్కింది, పేర్లు అయిపోతే మళ్ళీ మొదలుపెట్టింది. చివరికి డాక్టరు వచ్చాడు.

"రెండు తూట్లు పెట్టాం. పాత ఇంజను ఆయిల్ మాదిరి నల్లగా చిమ్ముకొచ్చింది. నువ్వు చెప్పకపోయుంటే రేపటిదాకా ఆగేవాళ్ళం. ఆయన ఆగేవాడు కాదు."

మర్నాడు పొద్దున వెంకటగిరియప్ప కళ్ళు తెరిచాడు. గుండు తలకు కట్టు. కుడిచేతి వేళ్ళు మెల్లగా కదిలిస్తున్నాడు. సొన్నమ్మ మంచం పక్కన కూలబడి ఆయన పాదాలు పట్టుకుంది.

"నేను తోసింది అందరికీ చెప్పేసినా. మొదటి దినమే చెప్పుంటే మీకీ గతి పట్టేది కాదు. నన్ను ఏం చేసినా సరే."

ఆయన మాట నిదానంగా, కానీ తేటగా వచ్చింది.

"ఆ వీధి డాక్టరు అడిగినప్పుడు నాకు యాదిలోనే ఉండింది సొన్నా. నేనే లేదన్నా. పెండ్లాం తోస్తే పడినానని చెప్పుకునేదానికి సిగ్గయింది. పేటంతా నవ్వుతారని. తప్పు నీ ఒక్కదాందే కాదు."

పాపక్క కొంగు నోట్లో కుక్కుకుంది. గుమ్మంలో నిలబడి అంతా విన్న మునినారాయణప్ప నిన్నట్నుంచీ తల్లితో ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు లోపలికి వచ్చి ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, నిన్నట్నుంచి నువ్వేమీ తినలే గదా. లే. కింద హోటల్లో ఇడ్లీ ఉండాది, పోదాం రా."

అంతసేపూ బిగపట్టుకున్న సొన్నమ్మ అప్పుడు కొడుకు భుజం మీద తల పెట్టి బావురుమంది.